బిళ్ల మీద పేరు

"మాస్టారూ, డంకన్ అంటే ఎవరండి?"

గత వేసవిలో మా సంఘంలో సెలవుల బైబిలు పాఠశాల జరుగుతున్న రోజుల్లో పన్నెండేళ్ల కుర్రవాడొకడు నన్ను అడిగిన ప్రశ్న ఇది. వాడి చేతిలో ఎర్రటి యోయో ఉంది. వాడి మేనత్త అమెరికాలో నర్సుగా పనిచేస్తున్నది. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు మేనల్లుడికి తెచ్చి ఇచ్చింది. అప్పటినుండి వాడికి అన్నం, నీళ్లు అక్కరలేదు. వేలికి దారం, దారానికి ఆ బిళ్ల. ఒక ఆదివారం ప్రార్థన సమయంలో అందరం కళ్లు మూసుకొని ఉండగా వెనుక నుండి టక్కు టక్కుమని చప్పుడు వినిపించింది. సంఘపెద్దగారు లేచి వెళ్లి దాన్ని తీసుకొని జేబులో వేసుకున్నారు. సాయంత్రానికి తిరిగి ఇచ్చారనుకోండి. కానీ వాడి తండ్రికి ఆ తలవంపు పోలేదు. ఆయన వడ్రంగి. "చదువూ లేదు, పనీ లేదు, దారం తిప్పుకుంటూ కూర్చుంటాడు మాస్టారూ" అని నా దగ్గర బాధపడ్డాడు.

ఆ బిళ్ల మీద ఇంగ్లీషు అక్షరాలతో అచ్చువేసిన పేరు చూసి కుర్రవాడు అడిగాడు. "దీన్ని చేసినాయనేనా?" అని మళ్లీ రెట్టించాడు. నాకు తెలియదు. తెలుసుకొని చెబుతానన్నాను. తెలుసుకోబోతే అది ఒక్కమాటలో చెప్పే సంగతి కాదని తేలింది.

డంకన్ దాన్ని చేసినాయన కాదు, కొనుక్కున్నాయన. ఆయనకంటే ముందు ఆ బిళ్ల మీద ఇంకొకరి పేరు ఉండేది. ఆయన పేరు పెడ్రో ఫ్లోరెస్. ఫిలిప్పీన్సు దేశస్థుడు. 1915లో అమెరికా చేరాడు. కొంతకాలం న్యాయశాస్త్రం చదివి మధ్యలో మానేశాడు. కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా అనే ఊళ్లో హోటలుకు వచ్చినవాళ్ల సామాన్లు మోసే పనిలో చేరాడు. పరాయి దేశం, పెట్టెలు మోసే కొలువు. అయితే చిన్నప్పుడు తన ఊళ్లో పిల్లలందరూ ఆడుకునే ఒక ఆట ఆయనకు గుర్తుంది. దాని పేరు కూడా గుర్తుంది. యోయో అనే మాట అక్కడి భాషలదే.

ఫ్లోరెస్ ఆ బొమ్మలు కొన్ని చేత్తో చేసి చుట్టుపక్కల పిల్లలకు అమ్మాడు. 1928లో సొంతంగా కంపెనీ పెట్టి, బిళ్ల మీద తన పేరే వేశాడు. 1929 చివరికి మూడు చోట్ల కార్ఖానాలు, ఆరు వందల మంది పనివాళ్లు. ఇంత జరిగినా యోయోను నేను కనిపెట్టానని ఆయన ఏనాడూ అనలేదు. అనడానికి వీల్లేదు కూడా. క్రీస్తుకు నాలుగు వందల ఏళ్లకు పైగా ముందు గ్రీసు దేశంలో చేసిన ఒక మట్టి పాత్ర మీద కుర్రవాడు యోయో ఆడుతున్న బొమ్మ ఉంది. ఆ పాత్ర ఈనాటికీ బెర్లిను మ్యూజియంలో ఉంది.

మరి ఫ్లోరెస్ తెచ్చిన కొత్తదనం ఏమిటి? దారం. అంతకుముందు యూరపు వాళ్లు ఆడుకున్న బిళ్లలకు దారాన్ని ఇరుసుకు గట్టిగా ముడివేసేవాళ్లు. అది కిందికి పోతుంది, పైకి వస్తుంది, అంతే. ఫిలిప్పీన్సు పద్ధతి వేరు. ఒకే పొడుగాటి దారాన్ని మధ్యకు మడిచి రెండు పేటలుగా పేనుతారు. మడిచిన చోట ఏర్పడిన ఉచ్చులో ఇరుసు ఉంటుంది. ముడి లేదు. కనుక బిళ్ల కిందికి వెళ్లి, దారం చివర అక్కడే గిరగిరా తిరుగుతూ ఆగుతుంది. దీన్ని వాళ్లు నిద్రపోవడం అంటారు. మనవాళ్లు కూడా బొంగరం చలనం లేనట్టు తిరుగుతుంటే నిద్రపోతోంది అనరూ? అదే మాట. చేతిని కొంచెం లాగితే దారం సడలి, ఇరుసును పట్టుకొని మళ్లీ పైకి ఎక్కుతుంది. ఈనాడు యోయోతో చేసే విన్యాసాలన్నీ ఆ నిద్రలోంచి పుట్టినవే.

డొనాల్డ్ డంకన్ వ్యాపారి. 1929 ప్రాంతంలో కాలిఫోర్నియాలో ఈ బొమ్మ చుట్టూ మూగిన జనాన్ని చూశాడు. ఫ్లోరెస్ కంపెనీని, యోయో అనే పేరుతో సహా కొనేశాడు. పత్రికల వాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. ఊరూరా పోటీలు పెట్టేవాళ్లు. పోటీకి రావాలంటే పిల్లవాడు ముందు పత్రికకు కొత్త చందాదారులను చేర్చాలి. (మన పత్రికకు ఈ ఉపాయం ఇంకా ఎవరికీ తట్టలేదు!) ఆ పోటీలకు ఆట చూపించడానికి ఫిలిప్పీన్సు నుండి వచ్చిన యువకులనే పెట్టుకున్నారు. వాళ్లు బడుల ముందు, కొట్ల ముందు నిలబడి ఆడి చూపించేవాళ్లు. ఆట అయ్యాక జేబులోని చాకు తీసి, పిల్లవాడి చెక్క యోయో మీద కొబ్బరిచెట్టు, దాని కింద ఆ పిల్లవాడి పేరు చెక్కి ఇచ్చేవాళ్లు. అమెరికాలో అప్పటి పిల్లలు ముసలివాళ్లయ్యాక కూడా ఆ చెక్కడాలను దాచుకున్నారు. చెక్కినవాళ్ల పేర్లు మాత్రం చాలామందివి ఎక్కడా లేవు.

ఇది రాస్తున్నప్పుడు నాకు నిర్గమకాండము 31వ అధ్యాయం జ్ఞాపకం వచ్చింది. ప్రత్యక్ష గుడారపు పనికి దేవుడు మోషేతో ఎవరో ఒక పనివాణ్ణి పెట్టుకో అనలేదు. ఊరు కుమారుడైన బెసలేలును పేరుపెట్టి పిలిచాడు. తాతపేరు, గోత్రము కూడా చెప్పాడు. బంగారం, వెండి, ఇత్తడి, కర్ర, ఈ పనులన్నిటికీ తన ఆత్మతో నింపానన్నాడు. తోడు పనిచేసిన అహోలీయాబు పేరూ రాయించాడు. మన ఊళ్లలో గుడి తలుపులు చేసిన వడ్రంగి పేరు ఏ శిలాఫలకం మీదైనా చూశామా? చందా ఇచ్చినవారి పేర్లే ఉంటాయి.

డంకన్ సంగతికి వస్తే, 1946లో ఆయన కార్ఖానా విస్కాన్సిన్ రాష్ట్రంలోని లక్ అనే చిన్న ఊరికి మారింది. అక్కడి మేపుల్ కర్ర గట్టిది, నునుపు తేలేది. గంటకు 3,600 బిళ్లలు తయారయ్యేవి. 1962లో అమెరికాలో పిల్లలు నాలుగు కోట్ల మంది ఉంటే నాలుగున్నర కోట్ల యోయోలు అమ్ముడుపోయాయని చెప్పుకుంటారు. అంత అమ్మినా కంపెనీ నిలవలేదు. ప్రకటనలకు, అదనపు పనిగంటల కూలికి డబ్బు నీళ్లలా పోయింది. మరో కంపెనీతో వ్యాజ్యం వచ్చింది. యోయో అనే మాట ఆ బొమ్మకు సహజమైన పేరు, అది ఏ ఒక్కరి సొత్తూ కాదని 1965లో కోర్టు తీర్పు చెప్పింది. ఆ ఏడాదే కంపెనీ దివాలా తీసింది. 1968లో ప్లాస్టిక్ వస్తువులు చేసే ఫ్లాంబో అనే కంపెనీ డంకన్ పేరును కొన్నది. మా కుర్రవాడి చేతిలో ఉన్నది ఆ పేరే. ఫ్లోరెస్ పేరు తీసి డంకన్ పేరు వేశారు. డంకన్ వెళ్లిపోయినా ఆయన పేరు అలాగే తిరుగుతోంది.

ఆడేవాడి పేరు బిళ్ల మీదికి రావడం ఈ మధ్యకాలపు మాట. దానికి దారి వేసింది, వింతగా, ఒక పళ్ల డాక్టరు. శాన్ ఫ్రాన్సిస్కోలో దంతవైద్యం చేసే టామ్ కూన్ అనే ఆయన యోయో ఆటలో మంచి ప్రవేశం ఉన్నవాడు. అంతవరకు యోయో అంటే రెండు చెక్కలు, మధ్య ఇరుసు, కలిపి బిగించేసినవి. దారం చిక్కుపడి ముడిపడితే సూదితో గంటసేపు పీక్కోవాలి. ఇరుసు అరిగితే పారేయాలి. 1978లో కూన్ విడదీసి మళ్లీ బిగించుకోగల చెక్క యోయోను విడుదల చేశాడు. ఇరుసు మార్చుకోవచ్చు. బిళ్లలను అటూ ఇటూ తిప్పి బిగిస్తే ఆకారమూ మారుతుంది. వేలమంది ఆటగాళ్లు విసుక్కొని ఊరుకున్న చోట ఒకాయన ఆగి ఆలోచించాడు. ఆయన దాన్ని పోలిన పెద్ద యోయోను కూడా చేయించాడు. దాని బరువు 256 పౌన్లు, అంటే సుమారు 116 కిలోలు. క్రేనుకు కట్టి ఆడించారు! అది ఇప్పుడు కాలిఫోర్నియాలోని చీకో అనే ఊళ్లో యోయో మ్యూజియంలో ఉంది. 1990లో ఆయనే అల్యూమినియం బిళ్లల మధ్య బాలు బేరింగు పెట్టిన యోయోను తెచ్చాడు.

బేరింగు అంటే మన సైకిలు చక్రంలో ఉండేటటువంటిదే, బొటనవేలి గోరంత. దారం ఇప్పుడు ఇరుసును రాసుకోదు, బేరింగు మీద ఉంటుంది. చెక్క యోయో కొన్ని సెకన్లు నిద్రపోతే ఇది నిమిషాల తరబడి తిరుగుతుంది. దీనితో ఒక చిత్రమైన కష్టం వచ్చింది. రాపిడి ఎంత తగ్గితే నిద్ర అంత ఎక్కువ, నిజమే. రాపిడి మరీ తగ్గితే దారాన్ని పట్టుకొని పైకి ఎక్కడం కూడా మానేస్తుంది. ఈనాటి పోటీ యోయోలు చేయి లాగినంత మాత్రాన రావు. దారాన్ని మడత వేసి బిళ్లల మధ్యకు తోసి, అక్కడ రెండువైపులా అతికించిన మెత్తని సిలికాను చుట్టలకు తగిలేలా చేస్తేనే వెనక్కి వస్తుంది. ఖరీదైన యోయో కొని, ఇది పాడైపోయిందని కొట్టువాడి దగ్గరకు తిరిగి తెచ్చేవాళ్లు ఇందుకే ఉంటారు.

ఇక ఒక ఆటగాడి పేరు మీద యోయో చేయడం ఎలాగో చూద్దాం. దీన్ని సిగ్నేచర్ యోయో అంటారు. జెంట్రీ స్టైన్ అనే అమెరికా కుర్రవాడు యోయోఫ్యాక్టరీ అనే కంపెనీతో కలిసి తన ఆటకు తగినట్టు ఒకదాన్ని చేయించుకున్నాడు. దాని పేరు షటర్. 2014లో చెక్ దేశపు రాజధాని ప్రాగ్‌లో ప్రపంచ పోటీ జరిగితే అతడే గెలిచాడు. 2019లో మళ్లీ గెలిచాడు. ప్రపంచ పోటీ చివరి ఆట మూడంటే మూడు నిమిషాలు. పాట మోగుతుంటే ఒక్కో కదలికకు తీర్పరులు అంకెలు లెక్కవేస్తారు. ఆ మూడు నిమిషాల కోసం ఏళ్ల తరబడి సాధన. అటువంటి ఆటగాడికి చేతిలోని బిళ్ల ఒక్క గ్రాము ఎక్కువైనా తెలిసిపోతుంది.

పని కాగితం మీద మొదలవుతుంది, ఈ రోజుల్లో కంప్యూటరు మీద. యోయోను నిలువుగా కోస్తే సగం ఎలా కనబడుతుందో ఆ గీత గీస్తారు. లోపలికి వాలు ఎంత, అంచు ఎంత మందం, ఆ గీతలోనే ఉంటుంది. అడ్డం సుమారు 56 మిల్లీమీటర్లు, మొత్తం బరువు సాధారణంగా 65 గ్రాములకు అటూ ఇటూ. ఆ 65 గ్రాములను ఎక్కడ పెట్టాలి అన్నదే అసలు విద్య. కుమ్మరి సారెను చూడండి. బరువంతా అంచుకు ఉంటుంది. అందుకే ఒకసారి కర్రతో తిప్పి వదిలితే కుండ పూర్తయ్యేదాకా తిరుగుతుంది. యోయో కూడా అంతే. అంచుకు బరువు పెడితే ఎక్కువసేపు, నిలకడగా తిరుగుతుంది. అలాగని అంతా అంచుకే తోస్తే చేతిలో మొద్దుగా ఉంటుంది, దిక్కు మార్చుకోవాలంటే బద్ధకిస్తుంది. మధ్యకు తెస్తే చురుకుగా ఉంటుంది కాని త్వరగా అలసిపోతుంది. ఈ రెంటిమధ్య ఎక్కడ ఆగాలో ఆటగాడి చెయ్యే చెప్పాలి. గీత గీసేవాడికి లెక్క తెలుసు, చేయి తెలియదు. ఆటగాడికి చేయి తెలుసు, చాలాసార్లు నోటితో చెప్పలేడు. "ఇక్కడ కొంచెం ఏదోలా ఉంది" అంటాడు. ఆ "ఏదోలా" అన్నదాన్ని మిల్లీమీటర్లలోకి మార్చడానికి నెలలు పడుతుంది.

గీత కుదిరాక అల్యూమినియం కడ్డీ నుండి కంప్యూటరుతో నడిచే లేతు మిషను మీద నమూనాలు కొన్ని తీస్తారు. కడ్డీలో చాలా భాగం రజనుగా పోతుంది, మిగిలింది బిళ్ల. ఆటగాడు వాటిని వారాల తరబడి ఆడి చూస్తాడు. వణుకు ఉందా? దారం మధ్యలో నిలుస్తోందా, పక్కకు జారుతోందా? గోరు అంచుకు తాకించి చూస్తాడు. రెండు సగాలలో వెంట్రుకవాసి తేడా ఉన్నా గోరుకు తెలుస్తుంది. మళ్లీ గీత, మళ్లీ నమూనా. అంతా బాగుందనుకున్నాక రంగు. అల్యూమినియాన్ని ఆమ్లంలో ముంచి కరెంటు పంపితే పైన సన్నని పొర ఏర్పడుతుంది, ఆ పొర రంగును పీల్చుకుంటుంది. ఆ తర్వాతే లేజరుతో పేరు చెక్కుతారు. పేరు చివరి పని. చాలామంది అది మొదటి పని అనుకుంటారు.

విడుదల కూడా ఒక తంతే. ముందు కొద్దిపాటి సంఖ్యలో, ఒకటి రెండు రంగుల్లో వదులుతారు. ఒప్పందాన్ని బట్టి అమ్మకం మీద ఆటగాడికి కొంత వాటా ఉంటుంది. నాకు షటర్ విషయంలో నచ్చిన సంగతి వేరు. ప్రపంచ విజేత ఆడే యోయో కదా అని ధర ఆకాశానికి ఎత్తలేదు. వంద డాలర్లు దాటే లోహపు యోయోల మధ్య అది పిల్లలు కూడబెట్టుకొని కొనగలిగే ధరకే వచ్చింది. విజేత చేతిలో ఏది ఉందో కొత్తగా నేర్చుకునే పిల్లవాడి చేతిలోనూ అదే. పేరు వేయించుకోవడంలో ఇది ఒక మర్యాద అనిపించింది నాకు.

మరొకటి చెప్పి ఇంటికి వస్తాను. 2018లో చైనాలోని షాంఘైలో ప్రపంచ పోటీ గెలిచిన ఇవాన్ నగావో హవాయి దీవుల కుర్రవాడు. అతని పేరు మీద వచ్చిన యోయో పేరు ఎడ్జ్. అతని తండ్రి అలన్ నగావో గాలిపటాల కొట్టు నడిపినవాడు. 1990లలో హవాయి నుండి జపాను దాకా యోయో ఆటను మళ్లీ లేపినవాళ్లలో ఆయన ఒకడు. తండ్రి అంగడిలో పెరిగిన ఆటే కొడుకు చేతికి వచ్చింది.

ఇదంతా విడతలు విడతలుగా కుర్రవాడికి చెప్పాను. వాళ్ల నాన్న కూడా పక్కనే దూలం చిత్రిక పడుతూ విన్నాడు, విననట్టే. సంఘపెద్దగారు ఒకసారి వచ్చి, "ఆటలు మప్పుతున్నారా మాస్టారూ" అన్నారు. జెకర్యా 8వ అధ్యాయంలో దేవుడు యెరూషలేమును బాగుచేసినప్పటి గుర్తుగా ఏమి చెప్పాడో చూడమన్నాను. వీధుల నిండా ఆడుకునే పిల్లలు. ఆయన నవ్వి, "ఆరాధనలో కాదుగా" అన్నారు. అది న్యాయమే. కుర్రవాడు ఇప్పుడు గుడికి వచ్చేముందు దాన్ని అమ్మ చేతికిచ్చి వస్తున్నాడు.

ఒకరోజు వెళ్లేసరికి తండ్రి తరిమెన దగ్గర ఉన్నాడు. మంచం కోళ్లు పట్టే తరిమెన, ఇప్పుడు దానికి మోటారు బిగించాడు. చేతిలో టేకు ముక్క. "వీడు ప్రాణం తీస్తున్నాడండి" అంటూనే రెండు బిళ్లలు తీశాడు. మధ్య బోల్టు వేసి బిగించాడు. వాళ్లమ్మ నూలు దారాన్ని మడిచి తొడ మీద పేనింది. కుర్రవాడు విసిరాడు. గడగడా వణికి, నాలుగు అంకెలు లెక్కపెట్టేలోగా పక్కకు ఒరిగి ఆగిపోయింది.

తండ్రికి పట్టుదల వచ్చింది. కంసాలి దగ్గరకు వెళ్లి తూయించాడు. ఒకటి 28 గ్రాములు, ఇంకొకటి 31. కొలత ఒకటే, బరువు వేరు! ఎందుకో ఆయనకు వెంటనే తెలిసింది. ఒక బిళ్ల చేవలో పడింది, రెండోది పైచెక్కలో పడింది. "ఇరవై ఏళ్లుగా కర్ర కోస్తున్నా, మూడు గ్రాములు ఇంత పని చేస్తాయని తెలియదు" అన్నాడు. ఒకే చేవముక్కలో పక్కపక్కనే కోసి రెండవ జత తీశాడు. రాత్రి, ఎవరివో కిటికీ రెక్కల పని ముగించాక. అది పదకొండు అంకెలు నిద్రపోయింది. కుర్రవాడు ఎగిరి గంతులు వేసి, సీల ఎర్రగా కాల్చి బిళ్ల మీద తన పేరు రాయబోయాడు.

తండ్రి చేయి అడ్డంపెట్టాడు. ఇంకా అర గ్రాము తేడా ఉందట. అంచు మీద మరో నాలుగు తీతలు తీసి, రెండూ సమంగా తూగాక రాసుకోమన్నాడు. ఎవరి పేరు రాయాలన్నది వాళ్లిద్దరి మధ్య అప్పటికి తేలలేదు.